నా తర్వాతది

అమ్మ పెద్దదినం నాడు మధ్యాహ్నానికల్లా మా ఇంట్లో ఏడుపులన్నీ అయిపోయాయి. ఏడవాల్సిన వాళ్ళు పది రోజులుగా ఏడ్చేశారు. బంతిలో కూర్చున్న చుట్టాలు గారెలు మెత్తగా వచ్చాయని వంటమనిషిని మెచ్చుకుంటున్నారు. మగవాళ్ళు ఈసారి పెన్నకు నీళ్ళు వస్తాయా రావా అని వాదులాడుకుంటున్నారు. అప్పుడు వాకిట్లో ఆటో ఆగింది. బొద్దుగా, నల్లగా, నుదుట రూపాయంత బొట్టుతో ఒకావిడ దిగి, చెప్పులు గేటు దగ్గరే విడిచి, నేరుగా వచ్చి అమ్మ పటం ముందు నిలబడింది. కాసేపు చూసింది. తర్వాత "అమ్మా! నన్ను ఇడ్సిపెట్టి పోతివా అమ్మా! ఒక్క మాటన్నా చెప్పకుండా పోతివే!" అని గుండెలు బాదుకుంటూ కూలబడింది. బంతిలో చేతులు ఆగిపోయాయి. అందరూ ఆమెను చూశారు, ఆ తర్వాత నన్ను చూశారు. ఎందుకంటే ఈ పది రోజుల్లో నేను అంత గట్టిగా ఏడవలేదు.

ఆరేళ్ళు అమ్మను నేను చూసుకున్నాను. మంచం పట్టాక స్నానం చేయించింది నేను, గోళ్ళు తీసింది నేను, ముద్ద కలిపి నోట్లో పెట్టింది నేను. ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాటి నుంచి నాకు అదే ఉద్యోగం. ఒక్కరోజు కూడా విసుక్కోలేదని వీధంతా చెప్పుకుంటుంది. అలాంటిది, ఎక్కడినుంచో ఆటో దిగి వచ్చిన మనిషి నా తల్లిని అమ్మా అని పిలిచి, నాకు రాని ఏడుపు ఏడుస్తుంటే నాకు కలిగింది జాలి కాదు. కుళ్ళు. అరవై దాటిన ముసలిదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నాలుగు కథలు రాసినదాన్ని, నాకు కడుపు భగ్గున మండింది. ఆమె ఎవరో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చూసి యాభై ఏళ్ళు దాటినా ఈశ్వరిని గుర్తుపట్టాను. పగవాళ్ళ ముఖం ఎవరు మరిచిపోతారు?

విడ్డూరం ఏమిటంటే, నా అసలు పగ ఈశ్వరితో కూడా కాదు. పుట్టనిది ఒకతె ఉంది. దానికి పేరు లేదు, ముఖం లేదు, జాతకం లేదు. నా తర్వాత అమ్మ కడుపున పడి, లోకం చూడకుండానే పోయింది. దాని మీద నేను పడినంత అసూయ బతికి ఉన్న ఏ మనిషి మీదా పడలేదు. బతికినవాళ్ళతో ఎప్పుడో ఒకప్పుడు పోట్లాడి తేల్చుకోవచ్చు. లేనిదానితో ఏం తేల్చుకుంటాం?

ప్రొద్దుటూరులో మా నాన్నకు చీరల అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. ఇంటికెవరైనా వస్తే ముందు కొత్తచీరల గంజివాసన తగిలేది, దాని వెనక అమ్మ వేసే తాలింపు వాసన. పొద్దున్నే నాన్న స్నానం చేసి అంగడి గడపకు పసుపు రాసేవాడు. మా అవ్వ, అంటే నాన్న తల్లి, నడవలో స్తంభానికి ఆనుకుని వక్కాకు దంచుకుంటూ ఇల్లంతా అక్కడి నుంచే ఏలేది. అవ్వ గొంతు విని అమ్మ ఉలిక్కిపడేది. పులివెందులలో సవతితల్లి చేతికింద పెరిగిన మనిషి అమ్మ. ఆ ఇంట్లో తనకు పాచిపోయిన సద్ది పెట్టేవాళ్ళనీ, పండగ పూట కూడా తలకు నూనె రాసేవాళ్ళు కాదనీ నాకు ఎవరో చెబితే తెలిసింది గానీ అమ్మ నోట ఎన్నడూ వినలేదు. ఆమె నోట ఏదీ వినలేదు. మాటలు కూడా ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు దాచుకునేది.

శుక్రవారం శుక్రవారం నాగక్క వచ్చేది. ఊరి చివర మగ్గాల వీధిలో ఉండేవాళ్ళు. మొగుడు నేసిన చీరలు మడతపెట్టి తలమీద మూటతో తెచ్చేది. చంకలో పిల్ల. ఆ పిల్లే ఈశ్వరి, నాకంటే నాలుగేళ్ళు చిన్నది. నాగక్క మూట దించేలోపు అమ్మ వంటింట్లోంచి వచ్చి పిల్లను అందుకునేది. నన్ను ఎత్తుకున్నప్పుడు అమ్మ ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. ఈశ్వరిని ఎత్తుకున్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. దాని పళ్ళు లెక్కపెట్టేది, కాళ్ళు తన జానతో కొలిచేది, "ఏందే నాగక్కా, ఈ నెల దీనికి ఒళ్ళు రాలేదే" అని కోప్పడేది. నా గౌన్లు అంగట్లో మిగిలిన గుడ్డముక్కలతో కుట్టించేది. నేనేమీ అనేదాన్ని కాదు కాబట్టి అవి నాకు ఇష్టమనుకునేవాళ్ళు. ఈశ్వరికి మాత్రం కొత్త గుడ్డల తాను విప్పి ముక్క కోయించేది. ఏటా ఒకే నెలలో, ఏటేటా రెండంగుళాలు పెంచి.

ఎందుకో నాకు ఎనిమిదో ఏట తెలిసింది. ఎండాకాలం సెలవులకు నన్ను జమ్మలమడుగులో మా అత్త ఇంటికి, అంటే నాన్న చెల్లెలి దగ్గరికి పంపేవాళ్ళు. పెన్న ఎండిపోయి ఇసుక మెరిసేది. ఇసుకలో వేసిన దోసపాదుల నుంచి కాయలు కోసుకొచ్చి అమ్మేవాళ్ళు. ఆరోజు అత్త, పక్కింటామె కలిసి మిద్దె మీద వడియాలు పెడుతున్నారు. కాకుల్ని తోలడానికి నన్ను కూర్చోబెట్టారు. పక్కింటామె, "మీ అన్నకు ఈ పాప ఒకతేనా? ఇంకెవరూ పుట్టలేదా?" అంది.

"పుట్టకేం? దీని తర్వాతది పడింది. మా వదిన ఈడికే వచ్చి, డాక్టరమ్మ దగ్గర తీయించుకొని, మర్నాడు బస్సెక్కి పాయ."

"ఏంటికమ్మా? మంచి కలిగిన ఇల్లే గదా!"

"ఏమో! ఎవురికీ ఏం చెప్పింది గనక? వద్దనుకున్యారు, తీసేసినారు. వద్దనుకుంటే అంతే."

మా అత్త చెడ్డది కాదు. పిండి ఆరిపోతుందన్న తొందరలో అన్న మాట అది. నాకు మాత్రం ఆ "వద్దనుకుంటే అంతే" చెవుల్లోకి వెళ్ళి అక్కడే కూర్చుంది. పిల్లల్ని వద్దనుకోవచ్చు. వద్దనుకుంటే జమ్మలమడుగు తీసుకొచ్చి తీసేస్తారు. కడుపులో ఉన్నవాళ్ళనే తీస్తారని, బయట తిరిగేవాళ్ళను తీయరని నాకు ఎవరు చెప్పాలి? ఎవరిని అడగాలి? అడిగితే ఆ మాట వాళ్ళకు గుర్తొస్తుందేమో! ఆ తర్వాత అమ్మతో జమ్మలమడుగు బస్సు ఎక్కిన ప్రతిసారీ సీటు ముందున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చునేదాన్ని. అమ్మ అత్త ఇంటికి కాక ఇంకో వీధిలోకి మళ్ళితే పరుగెత్తాలని చెప్పులు ముందే విప్పి చేత పట్టుకునేదాన్ని. "ఏందే, చెప్పులు చేత పట్టుకున్యావు?" అంటే, "కొత్తవి, మాసిపోతాయి" అనేదాన్ని. "చూడు, ఎంత పొదుపో" అని అమ్మ మురిసిపోయేది.

ఆ ఎండాకాలం నుంచి నేను మంచిదాన్నయిపోయాను. మంచితనం నాకు పుట్టుకతో రాలేదు, భయంతో వచ్చింది. కాకరకాయ పెడితే కాకరకాయ తిన్నాను. జ్వరం వస్తే చెప్పలేదు. పుల్ల ఐసు బండి గంట వినిపిస్తే లోపలికి వెళ్ళి ఎక్కాలు చదువుకునేదాన్ని. కొత్త పలక అడగలేదు, మల్లెపూలు అడగలేదు, ఏదీ అడగలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నిజమే, పెట్టలేదు. "మా పెద్దది బంగారు. దానికేమీ అక్కర్లేదు" అని అమ్మ నాగక్కతో చెప్పేది. పెద్దది! ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. ఇంకొకతె ఉంటే కదా నేను పెద్దదాన్నయ్యేది! ఆ మాట విన్నప్పుడల్లా నా పక్కన ఎవరో నిలబడినట్టు ఉండేది.

అన్నిటికంటే నన్ను కాల్చింది నాగుల చవితి. అమ్మ ఉపవాసం ఉండి, చలిమిడీ చిమ్మిలీ చేసుకుని, ఊరి బయట పుట్టకు పాలు పోయడానికి నన్ను వెంటబెట్టుకుని పోయేది. పాలు పోశాక పుట్టమన్ను తడిపి పిల్లల చెవులకు రాస్తారు, చెవి బాధలు రావని. అమ్మ నా రెండు చెవులకూ రాసేది. రాసి, ఇంకో చిటికెడు మన్ను తీసి ఆకులో పొట్లం కట్టి కొంగున ముడి వేసుకునేది. ఆ పొట్లం ఇంటికి రాదు. దారిలో మగ్గాల వీధిలోకి మళ్ళి, నాగక్క ఇంటి ముందు నిలబడి, ఈశ్వరిని పిలిచి, దాని చెవులకు తన చేత్తో రాసేది. రాసేటప్పుడు కళ్ళు మూసుకునేది. నాకు రాసేటప్పుడు తెరిచే ఉంచేది. ఎవరికి రాస్తోందో నాకు తెలుసు. అమ్మకు ఆ రెండోది పుట్టాల్సిన నెలలోనే నాగక్కకు ఈశ్వరి పుట్టింది. లోకంలో లేని చెవులకు మన్ను రాయాలంటే ఎవరివో ఒకరివి చెవులు కావాలి కదా.

ఈశ్వరి కూడా తక్కువది కాదు. "పెద్దమ్మా, చిమ్మిలి ఇంకోటి పెట్టు." "పెద్దమ్మా, నాకు ఎర్ర గౌను వద్దు, పచ్చది కావల్ల." "పెద్దమ్మా, ఎత్తుకో." అడగడం అంత సులువా అని నోరు తెరుచుకుని చూసేదాన్ని. అడిగినా దాన్ని ఎవరూ ఏ డాక్టరమ్మ దగ్గరికీ తీసుకుపోవడం లేదు. పైగా అడిగిన కొద్దీ అమ్మ ముఖం వెలిగిపోతోంది. నేను అడగకుండా సంపాదించుకోవాలనుకున్నది అది అడిగి తీసుకుపోతోంది.

నా పన్నెండో ఏట నాగుల చవితి నాడు తట్టుకోలేకపోయాను. అమ్మ లోపల నాగక్కతో మాట్లాడుతోంది. ఈశ్వరి కొత్త గౌనుతో, చెవులకు మన్నుతో, మగ్గం గుంట అంచున కూర్చుని కాళ్ళు ఊపుతోంది. దగ్గరికి పోయి చెప్పాను. "నీకు పెడుతోంది అనుకుంటాండావా? మా అమ్మ కడుపులో సచ్చిపోయిందే, దానికి పెట్టుకుంటాంది. ఆ గౌను దానిది. ఆ మన్ను దానిది. నువ్వు సచ్చినదాని బట్టలు ఏసుకొని తిరుగుతాండావు."

అది ఏడవలేదు. గౌను అంచు పట్టుకుని అటూ ఇటూ చూసుకుంది. పై శుక్రవారం నాగక్క మూట దించింది, వెంట పిల్ల లేదు. చనిపోయినదాని పేరున పెట్టింది బతికినదాన్ని లాక్కుపోతుందని మా వైపు భయం. నాగక్క అదేమీ అనలేదు. "బడికి పోతాందమ్మా" అని మాత్రం అంది. అమ్మ, "పోనీలే, సదువుకోనీ" అని లోపలికి వెళ్ళి పొయ్యి ఊదింది. అప్పటికే మండుతున్న పొయ్యి. తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళు ఊరే విడిచిపోయారు. అమ్మ తిడుతుందని ఎదురుచూశాను. ఆ రోజు, ఆ వారం, ఆ ఏడు. తిట్టలేదు, కొట్టలేదు, నువ్వేమన్నా అన్నావా అని కూడా అడగలేదు. నేను గెలిచాను కాబట్టి సంతోషంగా ఉండాలి కదా? అన్నం సయించేది కాదు. ఈశ్వరి చోటు ఖాళీ అయ్యాక అమ్మ చేతులు నా వైపు వస్తాయనుకున్నాను. అవి ఆమె ఒళ్ళోనే ఉండిపోయాయి.

ఆ తర్వాతి ఏటి నుంచి నాగుల చవితికి అమ్మ పుట్టింటికని పులివెందుల పోవడం మొదలుపెట్టింది. సవతితల్లి ముఖం చూడాలంటే గిట్టని మనిషి, ఏటా పొద్దున పోయి సాయంత్రం బస్సుకు వచ్చేది. నాకు పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, నాన్న పోయాడు, ఆ సవతితల్లీ పోయింది. అయినా మంచం పట్టేదాకా ఆ ప్రయాణం మానలేదు. ఎందుకు పోతున్నావని నేను అడగలేదు. అడగకపోవడం అప్పటికి నా ఎముకల్లోకి దిగిపోయింది. నా కొడుకుకు కూడా అదే చేశాను. "నువ్వు నన్ను ఏనాడూ ఎలా ఉన్నావని అడగలేదమ్మా" అంటాడు వాడు. ఇప్పటి పిల్లలు వేరు. నా మనవరాలు అన్నం తింటూ, "నాకు తమ్ముడు వద్దు, మీరు కావాలనుకుంటున్నారా?" అని తల్లిని మొహమాటం లేకుండా అడుగుతుంది. కోడలు అంత తాపీగానూ జవాబు చెబుతుంది. ఆ జవాబు విని అది పెరుగన్నం కలుపుకుంటుంది. ఏడేళ్ళ పిల్లను చూసి కూడా ఓర్వలేకపోతున్నానంటే నా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది.

అమ్మ పెద్దదినం నాడు చుట్టాలు వెళ్ళిపోయాక ఈశ్వరికి విస్తరి వేశాను. కడుపునిండా తిని, వెనక వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని వక్కాకు నములుతూ, "పెద్దమ్మ ఏటా మా ఇంటికే వస్తాన్యాది అక్కా, నీకు తెలుసా?" అంది.

పులివెందులలో వాళ్ళకు ఇల్లు చూసిపెట్టింది అమ్మేనట. ఈశ్వరికి కుట్టుమిషన్ కొనిచ్చిందట. దాని కాన్పులకు పక్కన కూర్చుందట. నా కాన్పు రోజు అమ్మ గది బయట నిలబడింది. నేను పిలవలేదు మరి.

"నీకు నా మింద కోపముండాది గదక్కా?"

"చిన్నప్పటి మాటలు. ఇప్పుడేంటికి?" అన్నాను. నోటినిండా అబద్ధం.

"నువ్వు ఆ దినం చెప్పింది నిజమే. మాయమ్మ బయపడింది గానీ నేను బయపళ్ళే. పెండ్లయిన కొత్తల్లో పెద్దమ్మనే అడిగేస్తి. ఏం పెద్దమ్మా, ఏంటికి తీయించుకుంటివి, అని."

"అడిగావా?"

"అడిగితే ఏమక్కా? నోరుండేది ఏంటికి? అడిగితే చెప్పింది."

అంతటితో ఆగి వక్కాకు నములుతూ కూర్చుంది. ఎనిమిదేళ్ళప్పటి నుంచి నేను తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే. నన్ను కావాలనుకుని ఉంచుకున్నారా, లేక వద్దనుకోవడం మరిచిపోయారా? ఆ జవాబు ఈ మనిషి బుగ్గలో వక్కతోపాటు ఉంది. అలవాటు ప్రకారం లేచి లోపలికి పోవాలి. గ్లాసులు తీయాలి. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను.

"ఏం చెప్పింది?"

"నిన్ను కనేటప్పుడు గుర్రపువాతంతో ఫిట్సు వచ్చి మూడు దినాలు తెలివి లేదంట. ఇంకొక కాన్పంటే పానం మిందికొస్తాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా పడింది. పెద్దమ్మకు సావంటే బయం లేదంటక్కా. 'నేను పోతే ఏడాది తిరక్కుండానే మా అత్త ఆయనకు ఇంకో పెండ్లి చేస్తాది. నా బిడ్డకు సవితమ్మ వస్తాది. నేను తిన్న సద్ది నా బిడ్డ తినగూడదు. దానికోసరం కడుపులో బిడ్డను వదులుకుంటి' అనింది. శానా ఏడ్సింది ఆ పొద్దు."

ఇది విని నేను కరిగిపోయానని రాస్తే బాగుంటుంది. కరగలేదు. ఒళ్ళు మండిపోయింది. నా మాట అది. నాకోసం అన్న మాట. నలభై ఏళ్ళుగా ఈమె దగ్గర ఉంది! "మరి నాకేంటికి చెప్పలేదు?" అని అరిచాను. లోపల కోడలు గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నీకు తెలుసునని పెద్దమ్మకు తెలుసక్కా. 'ఆ బిడ్డకు యాడనో తెలిసింది. అప్పట్నించి నన్ను ఏమీ అడగదు. అడుగుతాదేమోనని చూస్తాండా. అడగని బిడ్డకు నాయంతట నేను ఎట్ల చెప్పేది, నీకోసరం నీ చెల్లెల్ని పోగొట్టుకుంటి అని? అది మోయలేదు' అనేది. మా ఇంటికొస్తే నీ మాట తప్ప ఇంకో మాట లేదు. నాకు గూడ కడుపుమంటగానే ఉండేది, ఏంది ఈయమ్మ, నా ఇంట్లో కూచ్చోని దాని పాట పాడతాంది, అని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు అడిగింటే నీకే చెప్పిండేది గదక్కా."

ఎప్పుడు మొదలైందో తెలియదు, నేను ఏడుస్తున్నాను. పది రోజులు రానిది గొంతు చీల్చుకుని వచ్చింది. ఈశ్వరి దగ్గరికి జరిగి నా వీపు మీద చెయ్యి వేసింది. చెయ్యి తీసెయ్యాలనిపించింది, తీయలేదు.

"మళ్ళీ చెప్పు," అన్నాను.

చెప్పింది. గుర్రపువాతం దగ్గర మొదలుపెట్టి, సద్ది దాకా.

"ఇంకోసారి చెప్పు. నా బిడ్డ అనే చోటు నుంచి."

"ఏందక్కా, చిన్నపిల్ల మాదిరి అడిగిందే అడుగుతాండావు!"

"చెప్పవే," అన్నాను.